జెండా పైకెక్కే వేళ

అయిదు గంటలకు జెండా దించాలి. నలభై ఒక్క ఏళ్ళుగా దాన్ని దించుతున్న మనిషి మాత్రం, మధ్యాహ్నం మూడు గంటల అయిదు నిమిషాలకు, కోటలోని పాత ఖైదుకొట్టులో కటకటాల వెనక చెక్కబల్ల మీద కూర్చుని ఉన్నాడు.

ఆయన పేరు ఓడెల్ ప్రెవిట్. వయసు డెబ్భై ఎనిమిది. నల్లవాళ్ళ గుర్రపుదళంలో పనిచేసిన సిపాయి వంశం. సైన్యం ఫోర్ట్ కెల్డన్‌ని వదిలేసి పోయి తొంభై ఏళ్ళు దాటింది. ఆసుపత్రి, సిపాయిలుండే బారకాసులు, రొట్టెల కొట్టు, మందుగుండు గది ఇవాళ్టికీ కూలకుండా నిలబడ్డాయంటే అందులో సగం పుణ్యం ఈ ముసలాయనదే. అలాంటి మనిషిని, పోయిన సైనికుల్ని ఊరంతా తలుచుకునే మెమోరియల్ డే నాడే దొంగ అన్నారు. లోకం తీరు అంతే మరి.

డిటెక్టివ్ మార్వా కిన్‌కేడ్ గడియారం చూసుకుంది. గంటా యాభై అయిదు నిమిషాలుంది.

జిల్లా షెరీఫ్ ఆఫీసులో పదహారేళ్ళ సర్వీసు ఆమెది. తొమ్మిదేళ్ళ వయసులో నాన్న వదిలేసి పోయాడు, అమ్మకు సీసా తప్ప మరో లోకం లేకపోయింది. బడి వదిలాక మార్వా ఈ కోటలోకొచ్చి రొట్టెల కొట్టు వెనక తలుపు దగ్గర నిలబడేది. ఓడెల్ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా వేడి రొట్టె, వెన్న, గ్లాసెడు పాలు ముందు పెట్టేవాడు. ఒక రోజు కాదు, రెండ్రోజులు కాదు, ఏడేళ్ళు. ఎందుకు పెడుతున్నారని ఒకసారి అడిగితే, "నీకు ఇక్కడ తినే హక్కుంది పిల్లా" అని ఊరుకున్నాడు. ఆ రొట్టె తిని పెరిగిన ఒళ్ళు ఇది. ఆ సంగతి ఆమె ఏనాడూ మర్చిపోలేదు.

"మిస్టర్ ఓడెల్, మీకేం కావాలి? నీళ్ళు తెప్పించనా?" అంది.

"నా సంగతి వదిలెయ్ పిల్లా," అన్నాడాయన. "ఇవాళ ఎగరేసింది పండగల పెద్ద జెండా. మామూలు దాన్లాగా ఒక్కడు మడిచి చంకలో పెట్టుకోలేడు. ఆరుగురు పట్టాలి, నేల తగలకూడదు. నేను లేకపోతే ఎవరు చెప్తారు వాళ్ళకి?"

దొంగతనం మోపారన్న బాధ కన్నా ఆయనకి ఆ దిగులే ఎక్కువగా ఉంది. మార్వా ముఖం తిప్పుకుంది.

పోయింది డబ్బూ కాదు, బంగారమూ కాదు. కోట సమాధుల పుస్తకం. 1867లో కలరా వచ్చినప్పుడు సైనిక ఆసుపత్రి ఉద్యోగి ఒకడు ఎవరెవరు పోయారో, ఎవర్ని ఎక్కడ పూడ్చారో రాసి పెట్టిన తోలు అట్ట పుస్తకం. సైన్యం వెళ్ళిపోతూ తన సిపాయిల ఎముకల్ని తవ్వి పెద్ద శ్మశానానికి తీసుకుపోయింది. సిపాయిల బట్టలుతికిన ఆడవాళ్ళని, వాళ్ళ పిల్లల్ని ఆసుపత్రి వెనకే వదిలేసింది. వాళ్ళ మీద పాతిన చెక్కపలకలు ఎప్పుడో పుచ్చిపోయాయి. అక్కడ ముప్ఫై ఒక్క మంది ఉన్నారని ఆ పుస్తకం ఒక్కటే చెబుతుంది. ఓడెల్ తాతని కన్నతల్లి హెస్టర్ కూడా అక్కడే ఉంది. రేపు పొద్దున్న ఏడు గంటలకు ఆ నేల మీదికి తవ్వే యంత్రం వస్తోంది, కోట డైరెక్టర్ తలపెట్టిన యాత్రికుల బస కట్టడానికి. పుస్తకం ఉంటే కోర్టు ఆపుతుంది. లేకపోతే అడిగే నాథుడు లేడు.

"కోర్టుకి పట్టుకుపోవడానికే తీశాడు ముసలాడు," అన్నాడు వెనక నుంచి కర్ట్ లాత్రప్. స్టేట్ పోలీసు శాఖ పంపిన పరిశోధకుడు. మార్వాకి పాత ప్రత్యర్థి. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే తొందర అతనిది. కానీ పని తెలిసినవాడు. పుస్తకం పోయిందన్న పావుగంటకే కోట ద్వారాలు మూయించి, బయటికెళ్ళే ప్రతి కారూ ప్రతి సంచీ విప్పించాడు. పుస్తకం గోడ దాటలేదన్నది ఖాయం.

అతని వాదన సూటిగా ఉంది. కోట డైరెక్టర్ రాయ్‌స్ హాల్‌స్టెడ్ పదకొండూ ముప్పావుకి పుస్తకాన్ని ఆసుపత్రి హాల్లో అద్దాలపెట్టెలో పెట్టి, ఫోటో తీసి, తాళంచెవి ఓడెల్‌కిచ్చి, ఉపన్యాసానికి వెళ్ళాడు. పన్నెండింటికి ఓడెల్ జెండా పైకెక్కించాడు. అక్కణ్ణించి పన్నెండూ నలభై దాకా మూడొందల మంది ముందు ఫిరంగి పేల్చి, రొట్టెలు పంచాడు. పన్నెండూ నలభైకి హాల్‌స్టెడ్ అతిథుల్ని తీసుకొచ్చి చూస్తే పెట్టె ఖాళీ. తాళం చెక్కు చెదరలేదు. మధ్యలో మిగిలింది పావుగంట. ఆ పావుగంటా ఓడెల్ ఫిరంగి మందు కోసం, ఆసుపత్రి పక్కనున్న మందుగుండు గదిలో ఒంటరిగా ఉన్నాడు. పైగా పోయిన నెల, కోటని నడిపే ట్రస్టు సమావేశంలో, యంత్రాన్ని రానిస్తే పుస్తకం పట్టుకుని కోర్టుకెళ్తానని అందరి ముందూ కేకలేశాడు.

"అయిదింటికి సంకెళ్ళేసి తీసుకుపోతా," అన్నాడు లాత్రప్. "నీకు ఈ కేసులో తలదూర్చే అర్హత కూడా లేదు కిన్‌కేడ్. ఆయన పెట్టిన రొట్టె తిన్నావని ఊరంతా చెబుతోంది."

"తిన్నాను. అయిదింటి దాకా టైమివ్వు," అంది మార్వా. అతను భుజాలెగరేశాడు, అడ్డు మాత్రం చెప్పలేదు.

*

మూడూ పదికి హాల్‌స్టెడ్ వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, తూర్పు నగరాల నుంచి ఎనిమిది నెలల క్రితం ఉద్యోగానికొచ్చాడు. మాట వెన్నపూసలాగా ఉంటుంది. ఒళ్ళో ఉపన్యాసం పెట్టుకునే తోలుసంచీ ఉంది. చంటిబిడ్డని పట్టుకున్నట్టు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

పొద్దుట్నుంచీ ఏం చేశాడో నిమిషాలతో సహా అప్పజెప్పాడు. తడబాటు లేదు. పొద్దున్న ఆసుపత్రిని ఎందుకు మూసి ఉంచారని మార్వా అడిగితే, అతిథుల కోసం ఊడ్పించానన్నాడు. పదకొండూ ముప్పావులోపు ఆ పుస్తకాన్ని పెట్టెలో చూసినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అంటే, ఎవరూ లేరు గానీ ఫోటో ఉంది కదా అన్నాడు.

తీసిన నిమిషంలోనే బొమ్మ చేతికిచ్చే కెమెరాతో తీసిన ఫోటో అది. తేదీ ఉండదు, టైము ఉండదు. అద్దాలపెట్టె, అందులో తోలు అట్ట పుస్తకం, వెనక కిటికీ. కిటికీ చట్రం నీడ సరిగ్గా పెట్టె కాలి దగ్గర పడింది. లాత్రప్ మనుషులు ఆ నీడని కొలిచి, పదకొండూ ముప్పావుకి అక్కడే పడుతుందని తేల్చారు. లాత్రప్‌కి అంత ధీమా అందుకే.

మార్వా ఫోటోని చాలాసేపు చూసింది. కిటికీలో బారకాసు కప్పు, దాని మీద ఆకాశం, ఆకాశంలో ఏదో రంగు. ఏదో తేడాగా అనిపించింది. అదేమిటో ఇంకా తెలియలేదు.

"మీరిది తీసినప్పుడు జెండా ఎక్కడుంది?" అనడిగింది.

హాల్‌స్టెడ్ చిన్నపిల్లకి చెప్పినట్టు నవ్వాడు. "సగం ఎత్తున. ఇవాళ ఏం రోజో మీకు నేను చెప్పాలా ఆఫీసర్?"

చెప్పాక అతని చూపు ఆమె చేతిలోని ఫోటో మీద పడింది. నవ్వు అక్కడే ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తోలుసంచీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. తలనొప్పిగా ఉందని, కాసేపు గాలి పీల్చుకుంటానని లేచాడు. మార్వా ఆపలేదు. ఆపి ఉంటే బాగుండేదని అరగంట తర్వాత అనుకుంది.

*

ఆసుపత్రి హాల్లోకి ఆమె ఒక్కతే వెళ్ళింది. నీడల్ని చూడలేదు, వాటిని లాత్రప్ చూసేశాడు. ఫోటో తీసినవాడి కాళ్ళు ఎక్కడుండాలో వెతికింది. పెట్టె అంచు కిటికీ చట్రంతో ఫోటోలో ఎక్కడ కలిసిందో అక్కడ కలిసేదాకా ఒక్కో అడుగూ జరిగింది. ఒకచోట నేలపలక కిర్రుమంది, బొమ్మ సరిగ్గా కుదిరింది. ఫోటోని కంటి ఎత్తున పట్టుకుని కిటికీలోంచి చూసింది.

చూడగానే అమ్మయ్య అని పైకే అనేసింది.

లాత్రప్‌ని కేకేసి, ఆ నేలపలక మీదే నిలబెట్టింది. కిటికీలో ఏం కనిపిస్తోందో చెప్పమంది. బారకాసు కప్పు, దాని మీద జెండా స్తంభంలో పై భాగం అన్నాడతను. కింది భాగం ఏమైందంటే, కప్పు అడ్డమొచ్చింది అన్నాడు.

"సగానికి దించిన జెండా ఇక్కణ్ణించి కనబడుతుందా?"

లాత్రప్ మెడ చాచి చూశాడు, వంగి చూశాడు. "కనబడదు. కప్పు వెనక్కి పోతుంది."

మార్వా ఫోటో అతని చేతికిచ్చింది. ఫోటోలో బారకాసు కప్పు మీద, స్తంభం కొసన ఉన్న గుండు కింద, జెండా ఎగురుతోంది.

మెమోరియల్ డే నాడు పొద్దున్నించీ మధ్యాహ్నం దాకా జెండా సగం ఎత్తునే ఉంటుంది. సరిగ్గా పన్నెండింటికి ఫిరంగి మోత మీద కొసదాకా ఎక్కుతుంది. చిన్నప్పుడు ఆ తాడు కొస పట్టుకుని నిలబడితే ఓడెల్ ఆమెకి చెప్పేవాడు, మధ్యాహ్నం దాకా పోయినవాళ్ళది, ఆ తర్వాత బతికున్నవాళ్ళు తలెత్తుకోవాలి అని. ఇవాళ పదకొండూ ముప్పావుకి ఎవరు ఈ ఫోటో తీసినా కిటికీలో ఉత్త కొయ్య మాత్రమే పడాలి.

లాత్రప్ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. "టైము తప్పు చెప్పి ఉంటాడు. పన్నెండు దాటాక తీశాడేమో. నీడ కొలతలో పావుగంట అటూ ఇటూ అయిందనుకో."

"సరే, పన్నెండు దాటాకే అనుకుందాం. అంటే పన్నెండు దాటాక కూడా పుస్తకం పెట్టెలో ఉంది. అప్పట్నుంచి నీ దొంగ మూడొందల మంది ముందు రొట్టెలు పంచుతున్నాడు. ఎలా తీశాడు?"

లాత్రప్ మొండిగా, "ఆయనకి తోడుదొంగ ఉన్నాడేమో," అన్నాడు.

"తోడుదొంగ సంగతి తర్వాత. ఇప్పుడు ఫోటో వదిలేసి కిటికీలోంచి జెండాని చూడు."

అతను చూశాడు. బయట గాలికి విచ్చుకున్న జెండా బారకాసు కప్పు మీద ఆకాశాన్నంతా మింగేసింది. చారలే తప్ప అంచులు కనబడటం లేదు. ఫోటోలో జెండా అరచేతి రుమాలంత ఉంది, దాని చుట్టూ ఆకాశం మిగిలింది.

"ఇవాళ పొద్దున్న ఓడెల్ ఎగరేసింది పండగల పెద్ద జెండా," అంది మార్వా. "ముప్ఫై ఆరు అడుగులు. ఫోటోలో ఉన్నది రోజూ ఎగరేసే మామూలుది. ఈ ఫోటో ఇవాళ్టిది కాదు లాత్రప్. నిన్నో మొన్నో, నీడ ఇదే చోట పడే టైము చూసుకుని హాల్‌స్టెడ్ తీశాడు. నీడ గురించి ఆలోచించాడు, జెండా గురించి ఆలోచించలేదు. ఎనిమిది నెలల్లో దాని తాడు ఒక్కసారి కూడా పట్టుకోలేదు పాపం. అతనికి జెండా అంటే జెండానే."

లాత్రప్ చెవులు ఎర్రబడ్డాయి.

"అంటే ఇవాళ పుస్తకం పెట్టెలో లేనే లేదు," అన్నాడు చివరికి.

"లేదు. పొద్దున్న ఆసుపత్రి మూసింది అందుకే. ఖాళీ పెట్టె తాళం తెచ్చి ముసలాయన చేతిలో పెట్టాడు."

"మరి పుస్తకమేది? నా వాళ్ళు ప్రతి గదీ వెతికారు. బయటికెళ్ళే ప్రతి సంచీ విప్పారు."

"వెళ్ళని సంచీ?"

ఇద్దరికీ ఒకేసారి తట్టింది. రెండు కాగితాల ఉపన్యాసానికి అంత లావు తోలుసంచీ. వాళ్ళ ముక్కు కిందే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. డైరెక్టర్‌గారి సంచీ విప్పమని ఎవరికీ తోచలేదు. గడియారం చూస్తే మూడూ యాభై రెండు.

మార్వా మళ్ళీ కిటికీ వైపు తిరిగింది. జెండా పక్కగా, కవాతు మైదానం ఆ చివర, రొట్టెల కొట్టు పొగగొట్టంలోంచి సన్నగా పొగ లేస్తోంది.

"ఊరికి ఇంకోసారి రొట్టెలు పెడుతున్నారా?" అన్నాడు లాత్రప్.

మార్వా అప్పటికే పరిగెత్తుతోంది. ఓడెల్ ఆ ఇటుక పొయ్యిని తెల్లవారుజామున నాలుగింటికి వెలిగిస్తాడు. ఎనిమిదింటికల్లా నిప్పులు బయటికి లాగేసి రొట్టెలు లోపల పెడతాడు. మిట్టమధ్యాహ్నం దాటాక ఆ పొయ్యిలో పొగ ఉండదు. ఏడేళ్ళపాటు ఆమె ఆ పొయ్యి వెచ్చదనం మీదే చలికాలాలు గడిపింది. ఇప్పుడు దాన్ని వెలిగించినవాడికి రొట్టెతో పని లేదు.

వెనక తలుపు లోపల గడియ పెట్టి ఉంది. అడుగున పలక కొంచెం వదులని ఆమెకి తెలుసు. కాలితో తన్ని, చెయ్యి దూర్చి గడియ తీసింది. లోపల హాల్‌స్టెడ్ పొయ్యి నోటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఖాళీ తోలుసంచీతో మంట విసురుతున్నాడు. ఆమెని చూసి లేచి ముందు తలుపు వైపు దూకాడు. అక్కడ లాత్రప్ నిలబడి ఉన్నాడు. తర్వాత ఏం జరిగిందో మార్వా చూడలేదు, చూడాల్సిన అవసరమూ లేకపోయింది. తలుపు వెనక మేకుకి రొట్టెలు తీసే పొడుగాటి చెక్కగరిట వేలాడుతూ ఉంటుంది. అది ఇప్పటికీ అక్కడే ఉంది. దాన్ని పొయ్యిలోకి తోసి, మండుతున్న చితుకుల కింద నుంచి పుస్తకాన్ని ఒక్కసారిగా బయటికి లాగింది.

అట్ట అంటుకుని ఉంది. లాత్రప్ ఒక చేత్తో హాల్‌స్టెడ్‌ని గోడకి అదిమి, రెండో చేత్తో తన కోటు విప్పి విసిరాడు. మార్వా దానితో మంటని నొక్కింది. కోటు పాడైపోయింది. లావుపాటి పుస్తకం అంత తొందరగా కాలదు. అంచులు నల్లబడ్డాయి, లోపలి అక్షరాలు మిగిలాయి.

"మంచి కోటు," అంది మార్వా ఆయాసపడుతూ. "నీ మేలు మర్చిపోను."

"నా కోటు సంగతి సరే," అన్నాడు లాత్రప్. "నేను పోయి ఆ ముసలాయన తలుపు తియ్యాలి. ముందు అది చెయ్యనీ."

*

నాలుగున్నరకి లాత్రప్ జిల్లా జడ్జి ఇంటికి ఫోన్ చేశాడు. పండగ పూట విసుక్కున్నా జడ్జి విన్నాడు. రేపు యంత్రం కదలకూడదని మాటిచ్చాడు. హాల్‌స్టెడ్ మాత్రం ఓడెల్ లేచి వెళ్ళిన బల్ల మీదే కూర్చున్నాడు.

అయిదింటికి బ్యూగిల్ మోగింది. ఓడెల్ తాడు వదులుతుంటే పెద్ద జెండా నెమ్మదిగా కిందికి వచ్చింది. ఆరుగురు పట్టుకున్నారు. వాళ్ళలో మార్వా ఉంది, చొక్కా చేతులు మడిచిన లాత్రప్ ఉన్నాడు. "నేల తగలనియ్యకు బాబూ," అని ఓడెల్ అతనికి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అతను వినయంగా తలూపాడు. మడిచిన జెండాని పెట్టెలో పెట్టాక, మార్వా పుస్తకాన్ని ముసలాయన చేతుల్లో పెట్టింది.

"మిస్టర్ ఓడెల్, మీరు నాకు చేసినదాంట్లో ఇది పిసరంత. నేను జన్మంతా..."

"ఆగు పిల్లా," అన్నాడాయన. అంచులు రాలిపోకుండా పేజీలు తిప్పుతూ వెనక్కి, ఎవరూ చదవని చోటికి వెళ్ళాడు. ఉతుకుళ్ళ ఆడవాళ్ళ పేజీ అది. వేలితో ఒక వరస చూపించాడు. హెస్టర్, జూలై పంతొమ్మిది. వెనక మిగిలింది ఆరువారాల మగబిడ్డ.

"మా తాత," అన్నాడు. "ఆ కిందిది చదువు."

మార్వా వంగి చదివింది. సిరా వెలిసిపోయింది గానీ రాసినవాడి చేతిరాత స్పష్టంగా ఉంది. బ్రిజిట్ కిన్‌కేడ్, ఉతుకుళ్ళ వరస, మూడో గుడిసె. హెస్టర్ బిడ్డని ముట్టుకోవడానికి అందరూ భయపడితే, తన కొడుకుతోపాటు వాడికీ పాలిచ్చింది. జూలై ముప్ఫైన ఆమెకీ రోగం తగిలి పోయింది. పిల్లలిద్దరూ బతికారు.

ఆమె ఆ పేరుని మళ్ళీ చదివింది. తన ఇంటిపేరే. మైదానంలో జనం వెళ్ళిపోతున్న అలికిడి ఎక్కడో దూరంగా వినబడుతోంది.

"మీకు మొదట్నుంచీ తెలుసా?" అంది.

"నువ్వు తలుపు దగ్గర నిలబడి పేరు చెప్పిన రోజే తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఆకలితో వచ్చిన పిల్లకి ముందు కథ చెప్పి, తర్వాత పెడతామా ఏంటి?" అన్నాడు ఓడెల్. "ఆమె మా తాతకి పెట్టేటప్పుడు ఏమీ చెప్పలేదుగా."

మార్వా ఇక ఆపుకోలేకపోయింది. నలభై నాలుగేళ్ళ డిటెక్టివ్, అందరి ముందూ, ముసలాయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. ఓడెల్ పుస్తకం మూసి, దాన్ని ఆమె చేతికే ఇచ్చి, రొట్టెల కొట్టు వైపు నడిపించాడు. పొద్దుటి రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి దాచి ఉంచానని, ఈపాటికి చల్లారి ఉంటుందని, అయినా పాలతో బాగానే ఉంటుందని చెబుతూ.